హమీదు కోసం చేయించిన బల్ల

మంగతాయారు ఒక పని నెత్తికెత్తుకుందంటే అది తెమిలేదాకా పొయ్యి మీద పాలు పొంగినా ఆమెకు పట్టదు. ఆ యేడు వినాయకచవితి వెళ్ళిన దగ్గర్నుంచీ ఆమె నెత్తికెక్కింది ఒక బల్ల. అన్నం తినే బల్ల కాదు, పిల్లలు చదువుకునే బల్లా కాదు. మోటార్లు విప్పి బిగించుకునే బల్ల.

నరసరావుపేటలో గుంటూరు రోడ్డు మీద ఆమెకొక షాపుంది. కాలిపోయిన బోరు మోటార్లను విప్పి, లోపలి తీగంతా పీకేసి, కొత్త రాగితీగ చుట్టి మళ్ళీ తిరిగేట్టు చేయడం అక్కడి పని. షాపు పెట్టింది ఆమె భర్త వెంకటకృష్ణ. ఉన్నట్టుండి గుండె ఆగి ఆయన పోయినప్పుడు, ఇక షట్టరు దించేస్తుందిలే అనుకున్నారంతా. మంగతాయారు దించలేదు. దినకర్మలు కాగానే కొంగు దోపుకుని వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చుంది. షాపు నిలబడింది. అందులో ఆమె నోటి చలవ సగం, అబ్దుల్ హమీద్ చేతుల చలవ సగం. అబద్ధమెందుకు, ముప్పాతిక పాళ్ళు హమీదు చేతులే.

హమీదు మీసాలు మొలిచే వయసులో వెంకటకృష్ణ దగ్గర పనికి చేరి, జుట్టు నెరిసేదాకా ఇంకో షాపు గడప తొక్కలేదు. షట్టరు పక్కన నాపరాళ్ళ మీద గోనెపట్టా వేసుకుని రోడ్డు వైపు తిరిగి కూర్చునేవాడు. మోటారు గొట్టాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, దాని లోపలి సన్నటి గాడుల్లోకి ఒక్కో చుట్టూ తీగ లాగుతుంటే చూసేవాళ్ళకు కళ్ళు తిరిగేవి. ముప్పాళ్ళ నుంచీ నకరికల్లు నుంచీ వచ్చే రైతులు షాపు పేరు చెప్పేవాళ్ళు కాదు, "హమీదు చుట్టిన మోటారు" అనేవాళ్ళు, అంతే. మంగతాయారును అతను అక్కా అనేవాడు. ఆమె తమ్ముడూ అనేది, కోపమొస్తే ఒరేయ్ అనేది. ఆమెకు కోపం రాని రోజులు తక్కువే.

ఆ మధ్య హమీదుకు మోకాళ్ళు పట్టేయడం మొదలైంది. కూర్చుంటే లేవలేడు, షట్టరు పట్టుకుని మూలుగుతూ లేచేవాడు. ఒకరోజు అట్లా లేస్తూ లేస్తూ తూలి పక్కనున్న తీగ చుట్టల మీద పడబోయాడు. మంగతాయారు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచొచ్చి జబ్బ పట్టుకుంది.

"ఇట్టా కింద కూలబడి కూలబడి మంచాన పడతావురా. కంపెనీల్లో అందరూ బల్లల మీదే చేస్తన్నారంట. నీకూ ఒక బల్ల చేయిస్తా, దర్జాగా స్టూలెక్కి కూర్చుని చేసుకో" అంది.

"నాకెందుకక్కా ఇయ్యన్నీ" అని నవ్వాడు హమీదు. బల్ల గురించి అతన్ని ఆమె అడిగినట్టు లెక్కేసుకుంటే అదొక్కటే. అదీ అడగడం కాదు, చెప్పడం.

ఇక చూడండి ఆమె హడావిడి. రాత్రీ పగలూ ఫోనులో బల్లలే. సొరుగులున్నవి, చక్రాలున్నవి, ఎత్తు పెంచుకునేవి, తగ్గించుకునేవి. చక్రాలది చూడగానే పెదవి విరిచింది, మోటారు పెట్టి సుత్తి దెబ్బ వేస్తే బల్లే ఊరేగింపు పోతుందని. చెక్కబల్ల నూనె తాగుతుంది, చెద కూడా పడుతుంది. మామూలు ఇనుప రేకైతే మోటార్లలోంచి కారే నీళ్ళకు నెల తిరక్కుండా తుప్పు. ఇట్లా ఒక్కోదాన్ని కొట్టేసుకుంటూ పోయి చివరికి స్టీలు దగ్గర ఆగింది. ఆ మధ్య ఒక కొత్త హోటలు వంటగదిలో చూసింది, తళతళలాడే స్టీలు బల్ల. ఆహా, షాపులోకి అడుగుపెట్టిన రైతు కళ్ళు చెదరాలి అనుకుంది. ఆ మాటే తర్వాత తల్చుకుని తల్చుకుని కుమిలిపోయింది పిచ్చితల్లి.

వెల్డింగు షాపు ఉదయ్ కొలతలు తీసుకోవడానికి వచ్చి, "పిన్నీ, ఈ పనికి పైన మందంగా రబ్బరు షీటు ఏసుకుంటే బాగుంటదేమో. దెబ్బ ఆపిద్ది, వస్తువు జారదు" అన్నాడు.

"నల్లగా మసిబట్టిన రబ్బరా? నేను చేయించేది బల్లరా, లారీ టైరు కాదు."

ఉదయ్ కొలతలు రాసుకుని వెళ్ళాడు. ఆమె పక్కన పూలమ్మే అంకమ్మను అడిగింది. "స్టీలైతే తుడుచుకోను తేలికమ్మా" అంది అంకమ్మ. నట్లూ బోల్టులూ అమ్మే షాపాయన్ని అడిగింది. సత్తెనపల్లిలో కిరాణా వ్యాపారం చేసే తన అన్న ఈశ్వరయ్యకు ఫోను చేసి గంటసేపు అడిగింది. హమీదును మాత్రం అడగలేదు. అడగకూడదని కాదు. పుట్టినరోజుకి చీర పెట్టాలనుకున్నప్పుడు, కట్టుకునేవాళ్ళను పిలిచి నీకే రంగు కావాలని అడిగేస్తే ఇంకేం సరదా? వాడి కళ్ళల్లో సంతోషం చూడాలని ఆమెకు ఆశ. అంత ప్రేమగా చేసిన పని అది. అదే కదా ఖర్మ.

ఈశ్వరయ్య స్వయంగా బయల్దేరి వచ్చాడు. ఆయనకు వాస్తు పిచ్చి. షాపు మధ్యలో నిలబడి ఫోనులో దిక్సూచి తెరిచి నాలుగు వైపులా తిరిగాడు. షాపు వాకిలి పడమటి వైపు, రోడ్డు అటే.

"బల్ల తూర్పు గోడకి ఆనించి కట్టించు. పనిచేసేవాడు తూర్పుకి తిరిగి చేయాలి. ఇన్నేళ్ళూ బావా, వీడూ ఇద్దరూ పడమర మొహం పెట్టుకుని కూర్చున్నారు. ఏమైంది? నిలువునా మనిషి పోలా?"

ఆ మాట మంగతాయారును పట్టుకుంది. దిక్కు మార్చుకుని కూర్చుని ఉంటే ఆయన బతికేవాడా? అడగడానికి ఎవరూ లేరు. హమీదుకన్నా ఏమీ కాకుండా చూసుకోవాలి అనుకుంది. "తూర్పుకే కట్టు. కాళ్ళు నేలలో దించి కాంక్రీటు పోసెయ్యి, జన్మలో కదలకూడదు" అని ఉదయ్‌కు చెప్పింది.

దసరాకు బల్ల తయారైంది. ఆయుధపూజ రోజు ఆ షాపులో ప్రతి యేడూ బంతిపూలు తెచ్చేది హమీదే. ఆ యేడూ తెచ్చాడు, తెల్లారకముందే మార్కెట్టుకు పోయి బుట్టెడు తెచ్చి, మామిడాకులు తనే కట్టాడు. సుత్తులకూ పానాలకూ బొట్లు పెట్టారు. బల్ల నాలుగు మూలలా పసుపు రాసి, కుంకం పెట్టి, హారతిచ్చి కొబ్బరికాయ కొట్టింది మంగతాయారు. ఈశ్వరయ్య హమీదు భుజాలు పట్టుకుని తీసుకెళ్ళి, కొత్త స్టూలు మీద తూర్పు మొహంగా కూర్చోబెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

హమీదు స్టీలు మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా నిమిరాడు. వెనక్కి తిరిగి ఒక్కసారి రోడ్డు వైపు చూశాడు.

"ఎట్టుంది తమ్ముడూ?"

"నాకోసం ఇంత చేయించావా అక్కా" అన్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూసి ఆమెకూ తిరిగాయి. బాగుందని అతను అనలేదు. ఆ సంగతి ఆ రోజు ఆమెకు తట్టనే లేదు.

వారం తిరక్కుండా హమీదు ఆ బల్ల మీద గోనెపట్టా పరుచుకున్నాడు. మంగతాయారు పొద్దున్నే వచ్చి చూసింది, ఆమె ముక్కు మీద కోపం సర్రున లేచింది. "ఏందిరా ఇది? బంగారం లాంటి బల్ల చేయించిస్తే దాని మీద గోతం పరుస్తావా? అలవాటు పోనిచ్చుకోవా?" అని పట్టా లాగి బయట పడేసింది. హమీదు ఏదో అనబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. ఇంకో రోజు, "అక్కా, ముందు వైపు ఒక లైటు ఉంటే బాగుండు" అన్నాడు. లైటుకేం భాగ్యం, ఆ సాయంత్రమే ఎల్ఈడీ లైటు తెప్పించి తూర్పు గోడకు కొట్టించింది. దాని వెలుగు తిన్నగా స్టీలు మీద పడి అతని కళ్ళల్లోకి కొట్టేది. రెండు రోజులు చూసి అతనే ఆపేశాడు. "అడిగిందీ నువ్వే, ఆపేదీ నువ్వేనా" అని దెప్పిందే గానీ, ఎందుకాపావని అడగలేదు.

ఆ తర్వాత మోటార్లు తిరిగి రావడం మొదలైంది. ఎప్పుడూ లేనిది. ముందు నకరికల్లు నుంచి ఒకటి. పోనీలే, కరెంటు హెచ్చుతగ్గులై ఉంటుందనుకుంది. ఇంకోటి వచ్చింది. హమీదు భోజనానికి లేవడం మానేశాడు, చుట్టిన తీగనే వేళ్ళతో తడిమి తడిమి చూసుకునేవాడు. తీగ మీద పూత గాడి అంచుకు గీసుకుని చిన్న గాటు పడితే చాలు, షాపులో నీళ్ళ తొట్లో పరీక్షకు నిలబడ్డా, బోరులో దిగి వేడెక్కాక కాలిపోతుంది. ఆ గాటు కంటికి కనపడాలి.

మూడోది ముప్పాళ్ళ కృష్ణయ్యది. మిరపతోట పూతా పిందే మీదున్న రోజులు, కాలవలో నీళ్ళు లేవు. హమీదు చుట్టాడని ధీమాగా మోటారు దించుకున్నాడు కృష్ణయ్య. వారం కాకుండానే కాలిపోయింది. దాన్ని ట్రాక్టరు మీద వేసుకొచ్చి, షాపు ముందు దభేలున దించాడు.

"ఏందమ్మా ఇది? నమ్మి వస్తే తోట ఎండగట్టారు గదా! హమీదు హమీదు అని ఊరంతా చెప్పా నేను. ఇదేనా పని?"

రోడ్డు మీద జనం మూగారు. అంకమ్మ పూలబుట్ట వదిలేసి వచ్చి నిలబడింది. ఉదయ్ వచ్చాడు. మంగతాయారుకు తల కొట్టేసినట్టయింది. మొగుడు కూడబెట్టిన పేరు రోడ్డున పడిందన్న బాధలో ఆమె నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది.

"ఏరా, కళ్ళు పోయినాయా నీకు? కనపడకపోతే కనపడట్లేదని చెప్పి మానుకోరాదూ? ఎవరి కొంప ముంచుదామని? రాజాలాగా బల్ల చేయించి కూర్చోబెడితే ఇదా నువ్వు చేసే నిర్వాకం? నీ పని అయిపోయిందిరా, ఇంటికి పో!"

అంతమంది ముందు. కృష్ణయ్య కూడా కాస్త తగ్గి, "పోనీలే అమ్మా" అన్నాడు. ఆమె తగ్గలేదు.

హమీదు చేతిలోని తీగ చుట్ట కింద పెట్టాడు. చేతులు గుడ్డకు తుడుచుకుని, తన పనిముట్ల సంచీ తీసుకుని, కాళ్ళు ఈడ్చుకుంటూ మెట్లు దిగి వెళ్ళాడు. మంగతాయారు అనుకుంది, రేపు పొద్దున్నే వస్తాడు. రాలేదు. రానీ, వాడే వస్తాడు, నేనెందుకు పోవాలి అనుకుంది. ఫోను చేతిలోకి తీసుకుంటుంది, మళ్ళీ పెట్టేస్తుంది. అట్లా కార్తీకం పోయింది, సంక్రాంతి పోయింది. వేరే పనివాళ్ళు వచ్చారు. ఒకడు నెల చేసి మానేశాడు, ఇంకొకడు వారానికే "ఈ బల్ల కాడ నావల్ల కాదు" అని వెళ్ళాడు. పొగరనుకుంది ఆమె.

శివరాత్రి దగ్గర పడింది. కోటప్పకొండ తిరణాలకు పోయే ఎత్తైన ప్రభలు మైకులతో రోడ్డంట కదులుతున్నాయి. ఒక సాయంత్రం షాపులో ఎవరూ లేరు. ఒక చిన్న మోటారు మూతకు మరమేకు బిగిస్తే ఇచ్చేయొచ్చు, అంతోటి దానికి మనిషెందుకని మంగతాయారే స్క్రూడ్రైవరు పట్టుకుని బల్ల దగ్గర నిలబడింది. అన్నాళ్ళలో ఆ చోట ఆమె నిలబడడం అదే మొదలు. తుడిచింది, తుడిపించింది, నలుగురికీ చూపించి మురిసింది. పని చేయడానికి మాత్రం ఎన్నడూ నిలబడలేదు.

మేకు చేతిలోంచి జారి బల్ల మీద పడింది. వెతికింది. కనపడలేదు. పడమటి ఎండ వాకిట్లోంచి తిన్నగా లోపలికొచ్చి ఆమె వీపున పడుతోంది. ఆమె నీడ నల్లగా బల్ల మీద పరుచుకుంది, చేతులున్న చోటే చీకటి. ఆ నీడకు అవతలంతా స్టీలు ధగధగా మెరిసి కళ్ళల్లో పొడుస్తోంది. కళ్ళు చికిలించింది. పక్కకు జరిగింది, నీడా జరిగింది. వేళ్ళతో తడిమింది. బొటనవేలంత మేకు కనపడడం లేదు, వెంట్రుకంత గాటు ఎట్లా కనపడుతుంది?

మంగతాయారు అక్కడే స్టూలు మీద కూలబడింది. "అయ్యో, అయ్యో, ఎంత పని చేశానురా నాయనా" అని పైకే అనేసింది. గోనెపట్టా ఎందుకు పరిచాడో, లైటు ఎందుకడిగి ఎందుకాపేశాడో, ఆయుధపూజ రోజు వెనక్కి తిరిగి రోడ్డు వైపు ఎందుకు చూశాడో, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. కళ్ళు పోయినాయా అని అంది. ఎవరి కళ్ళు పోయాయి?

షట్టరు కూడా సరిగా దించకుండా ఆటో ఎక్కి హమీదు ఇంటికి పోయింది. అతని భార్య జీనత్ తలుపు తీసింది. రమ్మంది, మంచినీళ్ళిచ్చింది, మర్యాదకు లోటు చేయలేదు.

"ఆయన ఇంట్లో లేడు వదినా. బైపాస్ కాడ మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్‌గా చేరాడు. పనిముట్లు మాచర్లలో మా అల్లుడికి ఇచ్చేశాడు."

"పనిముట్లు ఇచ్చేశాడా?"

"కళ్ళు లేనోడికి ఎందుకులే అన్నాడు."

మంగతాయారు నీళ్ళ గ్లాసు కింద పెట్టేసింది. మళ్ళీ ఆటో ఎక్కింది.

కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, వేసుకొచ్చిన లారీలు బారులు తీరి ఉన్నాయి. గాలంతా మిరప ఘాటు. హమీదు ఖాకీ చొక్కాలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి గబుక్కున లేచి, ఆ కుర్చీనే ఆమెకు వేశాడు. కూర్చోమన్నా ఆమె కూర్చోలేదు.

"తమ్ముడూ, నీ కళ్ళకేం కాలా. ఆ బల్లే దరిద్రపుది. నేను నిలబడి చూశా. నీడ పడతంది, స్టీలు మెరిసి కళ్ళు కొడతంది. ఉదయ్‌ని పిలిచి రేపే కోయించి పారేయిస్తా. నీకెట్టా కావాలో అట్టా చేయించుకుందువు. రారా, నీకు దణ్ణం పెడతా."

"పెద్దదానివి, దణ్ణాలెందుకక్కా" అన్నాడు హమీదు. అతని మొహంలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"ఒక్క మాట నాతో చెప్పొద్దంట్రా? ఇట్టా ఉంది అక్కా అని ఒక్క మాట?"

హమీదు లారీల వైపు తిరిగాడు. "కట్టించకముందు అడిగితే చెప్పేవోణ్ణే. నువ్వడిగింది నేను ఎన్నడన్నా చెప్పకుండా ఉన్నానా? నువ్వు అందర్నీ అడిగావక్కా. ఆ తర్వాత పూజ చేశావు, కొబ్బరికాయ కొట్టావు. ఈశ్వరయ్యన్న దిక్కు చూసి పెట్టాడు. అట్టాంటి దాన్ని తిప్పమని నేను ఏ నోటితో చెప్పను? వీడికి మన దేవుడన్నా మన శాస్త్రమన్నా లెక్కలేదని ఎవురన్నా అంటే? నువ్వు అనవు, నాకు తెలుసు. ఎవురో ఒకరు అంటారుగా."

మంగతాయారుకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళూ తమ్ముడూ తమ్ముడూ అని పిలిచింది, అతను ఆ ఒక్క మాట అనడానికి భయపడేంత దూరం మధ్యలో ఉందని ఆమెకు ఏనాడూ తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

"అయిందేదో అయింది. రా, పోదాం" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"రాలేనక్కా. మొదట్లో నేనూ బల్లదే అనుకున్నా. ఆ రోజు అందరి ముందూ నువ్వన్నాక, నిజంగా కళ్ళే పోయినాయేమో అనిపించింది. ఇంటికాడ వాకిట్లో, మంచి ఎండలో, మా ఫ్యాన్ విప్పి చూశా. తీగ కనపడతానే ఉంది. కనపడినా నమ్మకం రావట్లా. చుట్టింది విప్పుతా, మళ్ళీ చుడతా. ఇట్టా చుట్టిన మోటారు ఎవరన్నా బోరులో దించుకుంటే? ఆ పాపం నాకొద్దు. ఈ కుర్చీలో కూర్చుంటే ఎవరి తోటా ఎండదు."

ఆమె ఎంత చెప్పినా అతను వినలేదు. డాక్టరుకు చూపిస్తానంది, జీనత్ మీద ఒట్టేసింది, తిట్టింది కూడా. చివరికి లారీ హారను కొడితే గేటు తీయడానికి పోయాడు.

తర్వాత వారం ఉదయ్ వచ్చి గ్యాసు కట్టరుతో బల్ల కాళ్ళు కోశాడు. నిప్పురవ్వలు ఎగురుతుంటే కృష్ణయ్య వచ్చాడు, ఇంకో మోటారు వేసుకుని. ఉదయ్ ఉన్నాడు, అంకమ్మ ఉంది, రోడ్డున పోయేవాళ్ళూ ఆగి చూస్తున్నారు.

"హమీదు రాలేదా ఇంకా?" అన్నాడు కృష్ణయ్య.

"రాడన్నా. నేనే పోగొట్టుకున్నా" అంది మంగతాయారు, రోడ్డు మీది వాళ్ళకు కూడా వినపడేట్టు. "నీ తోట ఎండింది వాడి కళ్ళ వల్ల కాదు. నేను కట్టించిన ఈ బల్ల వల్ల. వాడి తప్పు ఆవగింజంత లేదు. ఆ రోజు నేను అన్నదంతా అబద్ధం."

కృష్ణయ్య నెత్తి మీది తుండుగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఈ మాట వాడితో చెప్పావా అమ్మా?"

"చెప్పానన్నా. ఏడ్చి మరీ చెప్పా" అంది. "కానీ వాడు నేను మొదట అన్నదే నమ్మాడు."